చవక ఉలి – ఉక్కు కథ

లేతు మీద కర్రను తిప్పి బొంగరాలూ గిన్నెలూ మలచడం నేర్వదలచినవారికి తొలిరోజే ఒక ప్రశ్న ఎదురవుతుంది. చవకగా దొరికే ఉలుల పెట్టె కొనవచ్చునా, లేక ఒక్కొక్క ఉలికీ పెద్ద మొత్తం వెచ్చించవలెనా? ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకు ఉండనే ఉంది. కాని మద్దెల నిజంగానే ఓడైన సందర్భాలూ లేకపోలేదు. ఏది ఏదో తేల్చుకోవాలంటే ఉక్కు చరిత్రను కాస్త తిరగవేయాలి.

ఒకప్పుడు మంచి ఉక్కు అంటేనే అరుదైన సరుకు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మట్టి మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక దేశం నుండి వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్ది తొలి పాదంలో ఆ పనిని చూసిన హెన్రీ వాయ్సీ రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఇనుము పాళ్ళు తూచడంలో వర్తకులు తామే పాల్గొనేవారని అందులో ఉంది. అంటే కొనేవాడు పేరును నమ్మి కొనలేదు. తయారీ వద్దనే నిలిచి కొన్నాడు.

ఇంగ్లండులో 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు, తనకు దొరికే ఉక్కు నచ్చక, మూసలో కరిగించే పద్ధతిని రూపొందించాడు. షెఫీల్డు పనిముట్ల ఖ్యాతికి అదొక పునాది. ఆనాటి ఉలులన్నీ కర్బనపు ఉక్కువే. వాటికి సన్నని పదును వస్తుంది, కాని వేడికి తాళవు. రమారమి 200 డిగ్రీలు దాటితే మెత్తబడడం మొదలవుతుంది. సానరాతి మీద అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడి గట్టిదనం పోయినట్లే.

ఈ లోపానికి విరుగుడు లోహాన్ని కోసేవారి అవసరం నుండి వచ్చింది. 1868లో రాబర్ట్ మషెట్ టంగ్‌స్టన్ కలిపిన ఉక్కును తయారుచేశాడు. అమెరికాలోని బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంలో టేలర్, వైట్ అనే ఇద్దరు ఈ జాతి ఉక్కును అత్యధిక ఉష్ణంలో కాల్చి చల్లార్చే విధానం కనుగొన్నారు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో కొన ఎర్రబడినా ఇనుమును కోస్తూనే ఉన్న పనిముట్టును చూసి జనం నివ్వెరపోయారు. అదే హైస్పీడు ఉక్కు. ఇది సుమారు 600 డిగ్రీల వరకు గట్టిదనాన్ని నిలుపుకొంటుంది. కర్ర పనివారి చేతికి ఇది విరివిగా వచ్చింది మాత్రం 1970ల చివరా, 1980లలోనూ.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో టంగ్‌స్టన్ కొరత ఏర్పడి, దాని స్థానాన్ని చాలావరకు మాలిబ్డినం ఆక్రమించింది. నేడు ఆ మిశ్రమం లోకమంతటా తయారవుతున్నది. చైనా నుండి వచ్చే చవక ఉలులలోనూ అదే జాతి ఉక్కు ఉండవచ్చు. కనుక ధరలోని తేడా అంతా ఉక్కులోనే లేదు. కాల్చి చల్లార్చడంలో చూపిన శ్రద్ధ, గాడి నునుపు, పిడి పొడవు, ఇవీ అందులో భాగమే. గాడిని మనమే నునుపు చేసుకోవచ్చు, పిడిని మార్చుకోవచ్చు. సరిగా కాల్చని ఉక్కును మాత్రం ఇంట్లో బాగుచేయలేము.

పారశీక వర్తకునిలా కొలిమి వద్ద నిలబడే అవకాశం మనకు లేదు. అయినా రెండు పరీక్షలు ఉన్నాయి. సానరాతికి తాకించినప్పుడు తెల్లని నిప్పురవ్వలు పూలలా విచ్చుకుంటే అది కర్బనపు ఉక్కు. మసక ఎరుపు రవ్వలు పొట్టిగా రాలితే హైస్పీడు ఉక్కు. ఇక ఆకురాయి అంచును సులువుగా కొరికితే, ఆ ఉలి ఏ ఉక్కుదైనా తిప్పి ఇచ్చివేయడమే మేలు.

నా తీర్పు ఇది. హైస్పీడు ఉక్కుతో చేసిన చవక ఉలి నేర్చుకునేవారికి కొనదగినదే. సానపట్టడం అలవడేలోపు ఎంతో ఉక్కు రాతికి అరిగిపోతుంది. ఖరీదైన ఉక్కును అరగదీయడం దండుగ. అయితే ఎనిమిది ఉలుల పెట్టె కంటే విడిగా మూడు నాలుగు కొనడం మంచిది. ఒక్క విషయంలో పొదుపు పనికిరాదు. కర్రను తొలుత గుండ్రం చేసే వెడల్పాటి గాడి ఉలికి పిడిలోకి దిగే కొస సన్నగా ఉంటుంది. దానితో గిన్నె లోపల కోయబోతే కొస విరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఎంత ఖరీదైన ఉలికైనా ఈ నియమం వర్తిస్తుంది. గిన్నెలు చేయదలచినవారు అందుకు తగిన లావుపాటి ఉలిని వేరుగా కొనుక్కోవలసిందే.