మీట మీద చెయ్యి

'టెర్మినేటర్ 2: జడ్జిమెంట్ డే' సినిమాని నేను మొదటిసారి ఉక్కునగరంలోని మా క్వార్టర్‌లో, టీవీలో చూశాను. అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. నాన్న స్టీల్ మెల్టింగ్ షాపులో బి షిఫ్టుకి వెళ్లారు. అమ్మ చింతపండులో గింజలు తీస్తూ, ఆ తుపాకుల మోత తగ్గించమని నన్ను కసురుతూనే ఉంది. చివరికొచ్చేసరికి కథ ఒక ఉక్కు కర్మాగారంలోకి చేరింది. అమ్మ చేతిలో పని ఆగిపోయింది. గాయపడిన సారా కానర్ మీట నొక్కి, తమని కాపాడిన యంత్రమనిషిని కరిగిన ఉక్కులోకి దించుతుంటే, అమ్మ "ఏటే, నొక్కింది ఆవిడే కదా!" అంది.

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన నాన్నకి ఈ సంగతి చెప్తే నవ్వారు. కరిగిన ఉక్కు సుమారు 1600 డిగ్రీలుంటుందనీ, అంత దగ్గర్లో నిలబడితే మాడిపోతారనీ అన్నారు. నాన్నకి వేడి కనిపించింది. అమ్మకి చెయ్యి కనిపించింది. సాహిత్య పరిశోధనలో ఇన్నేళ్లు గడిపాక, ఆ సినిమా ఎందుకు నిలిచిందన్న ప్రశ్నకి అమ్మ మాట దగ్గర్నుంచే మొదలుపెట్టాలని నాకనిపిస్తోంది.

1984లో వచ్చిన మొదటి భాగంలో సారా ఒక హోటల్లో వడ్డించే అమ్మాయి. పుట్టబోయే కొడుకు మానవజాతికి నాయకుడవుతాడు కాబట్టి, భవిష్యత్తు నుంచి వచ్చిన యంత్రం ఆమెని వేటాడుతుంది. అంటే ఆమె విలువంతా ఆమె గర్భంలోనే ఉంది. 1991 జులైలో విడుదలైన రెండో భాగంలో ఆమె పిచ్చాసుపత్రిలో బందీ. చూసింది చెప్పినందుకే పిచ్చిదైంది! కండలు పెంచి, తాళాలు విప్పుకుని, తన పోరాటం తనే మొదలుపెట్టిన స్త్రీగా లిండా హామిల్టన్ తెరమీద కనిపించడం అప్పటికి కొత్త. అదే నెలలో మనకి సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' వచ్చింది. అందులోనూ కాలంలో ప్రయాణం ఉంది, నాయిక కూడా ప్రయాణిస్తుంది. కానీ యంత్రం తండ్రిది, సాహసం నాయకుడిది.

అలాగని జేమ్స్ కామెరాన్ సినిమాని స్త్రీవాద విజయంగా నెత్తిన పెట్టుకోలేం. సృష్టించడం తల్లులకే తెలుసు, మగవాళ్లకి తెలిసింది బాంబులు చెయ్యడమే అన్న వాదన సారా నోట వినిపిస్తుంది. మాతృత్వాన్ని ఆకాశానికెత్తి స్త్రీని అక్కడే కట్టిపడేసే వాదన మనకి కొత్తేం కాదు. పైగా కొడుక్కి ఓపికైన సంరక్షకుడిగా యంత్రమే మంచి మార్కులు కొట్టేస్తుంది. ఇక్కడ మగతనం మెత్తబడుతూనే తల్లి స్థానాన్ని కూడా ఆక్రమించుకుందని విమర్శకురాలు సూసన్ జెఫర్డ్స్ 1994లో తన 'హార్డ్ బాడీస్' పుస్తకంలో విశ్లేషించింది. శత్రువు మీద ఆఖరి దెబ్బ కూడా సారాది కాదు. సరిగ్గా అప్పుడే ఆమె తుపాకీలో తూటాలైపోతాయి.

అయినా నన్ను వదలని ఘట్టం ఒకటుంది. కర్మాగారంలో శత్రుయంత్రం సారా భుజంలో ఇనపముల్లు దించి, కొడుకుని పిలవమంటుంది. ఆమె పిలవదు. అప్పుడది ఆమె రూపాన్నీ గొంతునీ అరువు తెచ్చుకుని తనే పిలుస్తుంది. అచ్చం ఒకేలా ఉన్న ఇద్దరు తల్లుల కోసం లిండాతో పాటు ఆమె కవల సోదరి లెస్లీ కూడా నటించింది. స్త్రీ నోరు విప్పకపోయినా ఆమె పేరు మీద మాట్లాడేవాళ్లు తయారవుతారని ఇంత సూటిగా చూపించిన వ్యాపార చిత్రం మరొకటి నాకు తెలీదు.

ఆ దృశ్యాలు తీసింది కాలిఫోర్నియాలోని ఫోంటానాలో. అక్కడి కైజర్ ఉక్కు కర్మాగారం రెండో ప్రపంచయుద్ధ కాలంలో మొదలై 1983లో మూతపడింది. తెరమీద మనల్ని భయపెట్టిన వేడి అంతా చల్లబడిన షెడ్డులో లైట్లతో కల్పించిందే. తర్వాత చైనాకి చెందిన షోగాంగ్ సంస్థ అక్కడి ఉక్కు తయారీ విభాగాన్ని కొని, విడగొట్టి తీసుకుపోయింది. అక్కడ కర్మాగారం సినిమా సెట్టయిన రోజుల్లోనే, విశాఖలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. 1990లో వెలిగిన దాని పేరు గోదావరి. తర్వాత వచ్చినవి కృష్ణ, అన్నపూర్ణ.

పేర్లన్నీ ఆడవే. మరి చేతులు?

మన ఉక్కు చరిత్ర చెప్పుకునేటప్పుడు 1966లో అమృతరావు నిరాహారదీక్ష, నవంబరు 1న విశాఖలో కాల్పులు, రాష్ట్రమంతటా పోయిన 32 ప్రాణాలు తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. 1971 జనవరి 20న శంకుస్థాపన చేసింది ఇందిరాగాంధీ. పునాదిరాయి మీద స్త్రీ చెయ్యి పడింది గానీ, యంత్రం దగ్గర మాత్రం చట్టం అడ్డుపడింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 22వ సెక్షన్ తిరుగుతున్న ప్రధాన యంత్రభాగాల్ని శుభ్రం చెయ్యడం, నూనె వెయ్యడం, సరిచెయ్యడం స్త్రీలకి నిషేధించింది. 66వ సెక్షన్ రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా వాళ్లని ఫ్యాక్టరీ పనిలోంచే తప్పించింది. ఉక్కు కొలిమికి పగలూ రాత్రీ లేవు, మూడు షిఫ్టులూ మండాల్సిందే. ఒక షిఫ్టుకే పనికొచ్చే మనిషికి అక్కడ చోటెక్కడ? రక్షణ పేరుతో రాసిన ఆ వాక్యాల్లో స్త్రీల గొంతు ఎంతుంది, అరువు గొంతు ఎంత?

ఈ కర్మాగారం కోసం 60కి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. నిర్వాసిత కుటుంబాల చేతికి ఆర్ కార్డులొచ్చాయి. ఆ కార్డు మీద ఉద్యోగం ఎవరికొచ్చిందో, ఎవరికింకా రాలేదో లెక్కలు కట్టారు. ఆ ఊళ్లలో జీడితోటలు, బావిగట్లు, పశువుల పాకలు పోగొట్టుకున్న ఆడవాళ్లు తర్వాత ఏ పనులు చేసి ఇల్లు నడిపారో చెప్పే లెక్క నా చదువులో ఎక్కడా ఎదురుపడలేదు.

2021 జనవరిలో కేంద్రం వంద శాతం వాటా అమ్మకానికి నిర్ణయించాక, కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో కార్మికుల ఇళ్ల ఆడవాళ్లూ కూర్చున్నారు. 1966కి అదొక రెండో భాగం. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఆ ఏడాదే నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమల్లోకొచ్చి, స్త్రీలు సమ్మతిస్తే రాత్రి పనికి దారి తెరుచుకుంది. భవిష్యత్తు ముందే రాసిపెట్టి లేదన్న నమ్మకం మీద ఆ సినిమా నిలబడింది. పాత చట్టం మారడం చూస్తే ఆ నమ్మకం వట్టిది కాదనిపిస్తుంది. కానీ ఆ సమ్మతి ఎవరి గొంతుతో చెప్పిస్తారన్నది ఇంకా తేలాల్సిందే.

ఈమధ్య అమ్మతో కలిసి సినిమా మళ్లీ చూశాను. సారా మీట నొక్కేచోట ఈసారి తనేమీ అనలేదు. అయిపోయాక మాత్రం, "ఆడోళ్లు నైట్ షిఫ్టుకి రావచ్చంటున్నారు కదా. మరి ఇంటికి దింపడానికి బస్సేస్తారా? చంటిపిల్లని ఎవరు చూస్తారు?" అని అడిగింది.

ఆ ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను.