మంగమ్మ బాటలో చలిపందిరి

మదురై రైల్వే స్టేషను బయటికి వస్తే ఎదుట కనబడేది మంగమ్మాళ్ సత్రం. ఈ ఊరి తెలుగువారు తమ పూర్వవైభవం చెప్పుకోవలసి వచ్చినప్పుడు తిరుమల నాయకుని మహలు తరువాత ఎత్తే పేరు ఇదే. వైభవం మాట అటుంచి, ఆ సత్రం ఎవరికోసం కట్టారన్నది ఈ ఎండలకాలంలో అడగదగ్గ ప్రశ్న అని నాకు తోస్తుంది.

రాణి మంగమ్మ 1689లో, పసివాడైన మనుమడు విజయరంగ చొక్కనాథుని పక్షాన రాజ్యభారం వహించి సుమారు పదిహేనేళ్లు పాలించింది. ఆమె యుద్ధాలూ చేసింది, సంధులూ చేసింది. కాని జనం నోట నిలిచినవి అవి కావు. బాటలు, బాటల వెంట చెట్లు, సత్రాలు, చలిపందిళ్లు నిలిచాయి. కన్యాకుమారికి పోయే రాజబాట మొదట ఆమె వేయించిందేనని చెబుతారు. ‘మంగమ్మాళ్ సాలై’ అన్న పేరు దక్షిణ జిల్లాలలో ఇప్పటికీ వినబడుతుంది.

ఇదంతా పుణ్యకార్యమంటారు మనవారు. పుణ్యమే. అయితే దాని వెనుక ఒక లెక్క కూడా ఉంది. ఆనాడు సామాన్యునికి ప్రయాణమంటే కాలినడక. మూట నెత్తిన పెట్టుకొని ఎండలో నడిచే మనిషికి చెమట పడుతుంది. ఆ చెమట ఆరుతుంటేనే ఒళ్లు చల్లబడుతుంది. తాగడానికి నీరు దొరకకపోతే చెమట తగ్గి, ఒంటివేడి పెరిగి, చివరకు స్పృహ తప్పుతుంది. వడదెబ్బ అంటే అదే. దాన్ని రానివ్వకుండా ఉండటానికి ఈనాటి వైద్యులు చెప్పేవీ ముఖ్యంగా మూడే: నీరు, నీడ, విశ్రాంతి. చలిపందిరి, చెట్టు, సత్రం ఆ మూడింటికీ పేర్లు. పైగా చలిపందిరి ఎండ ముదరక ముందే వేస్తారు, మనిషి పడిపోయాక కాదు.

రాణిగారికి ఎండ తప్పించుకోవడానికి వేరే చోటుండేది. ఇప్పుడు గాంధీ స్మారక మ్యూజియం ఉన్న తముక్కం మహలు ఆమెదంటారు. ‘తముక్కం’ అన్నది మన ‘తమగము’ అన్న మాటేననీ, వేసవి విడిది అని అర్థమనీ చెప్పేవారున్నారు. కలిగినవారికి తమగం, లేనివారికి చలిపందిరి. ఆ పందిరి కింద కూడా నీళ్లు అందరికీ ఒకే తీరున అందలేదు. పాత రోజుల్లో కొందరికి చెంబు చేతికిచ్చేవారు, కొందరికి ఎడంగా నిలబెట్టి దోసిట్లో పోసేవారు. ఈ సంగతి వదిలేస్తే మనం చెప్పుకునేది సగం చరిత్రే అవుతుంది.

నాయకరాజులు పోయారు, తెల్లవారు వచ్చారు. 1876లో వానలు తప్పాయి. మదరాసు రాజధానిని 1878 దాకా పీడించిన ఆ కరువును మన పెద్దలు ధాత కరువన్నారు. 1877లో వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించాలని, కరువు పనికి వచ్చిన మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. ఇంటికి పది మైళ్ల లోపల పని ఇవ్వరాదన్న నియమం కూడా పెట్టాడు. ఆ తిండితో కష్టం చేసే మనిషి నిలవడని మదరాసు శానిటరీ కమిషనరు కార్నిష్ గట్టిగా వాదించాడు. చివరకు కూలి పెంచక తప్పలేదు. కాని ఆ పద్ధతిలోని అసలు దోషం కూలి ఒక్కటే కాదు. పది మైళ్లు నడవగలవారికే సాయం. ముసలివారు, రోగులు, చంటిబిడ్డల తల్లులు ఎలా నడుస్తారు? మంగమ్మ బాటమీద నీరు మనిషికి ఎదురువచ్చింది. టెంపుల్ దొర ఏర్పాటులో బలహీనుడే తిండిని వెతుక్కుంటూ పోవాలి.

ఈనాడు ఎండ మునుపటి ఎండ కాదు. 2003 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో మూడువేల మందికి పైగా పోయారు. 2015లో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి పదిహేను వందలకు మించి పోయారు. 2010 మే నెలలో అహ్మదాబాదులో మామూలుకంటే 1,344 మంది ఎక్కువగా మరణించారు. ఆ నగరం ఊరుకోలేదు. 2013లో ఒక ప్రణాళిక వేసుకొని ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రుల సన్నాహం, తాగునీటి కేంద్రాలు ఏర్పరచింది. తరువాత పేదల ఇళ్ల కప్పులకు తెల్లసున్నం పూయించే పనీ చేపట్టింది. తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబరులో వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బకు చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. మంచిదే. కాని ఆ డబ్బు మనిషి పోయాక వచ్చేది. చలిపందిరి అంతకు ముందు ఉండవలసింది.

మదురైలో, కోయంబత్తూరులో వీధులు ఊడ్చేవారిలో, కాలువలు తీసేవారిలో అరుంధతీయులు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను చూసినంతలో మన సంఘాల ఉగాది వేదికలమీద వారికి చోటు దొరకడం అరుదు. ఎండలో నిలబడి చేసే పని వారిది. పని వదిలి చలిపందిరి ఎక్కడుందో చూసుకుంటూ పోలేరు. ఇంటికి పోతే రేకుల కప్పు. పగలంతా కాగిన ఇల్లు రాత్రి త్వరగా చల్లారదు. అలసిన ఒంటికి కోలుకునే వేళే దక్కదు.

చిత్తిర పండుగలో అళగరు వైగైలో దిగేనాడు మదురై అంతా తణ్ణీర్ పందళ్లే. పానకం, మజ్జిగ అడిగినవారికీ అడగనివారికీ పోస్తారు. ఈ ఊరికి చేతకాని పని కాదన్నమాట. పండుగ ముగుస్తుంది. ఎండలు మాత్రం ఆ తరువాతా వారాలపాటు ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మనదే కదా.

మంగమ్మ పేరు చెప్పుకునే సంఘాలు మనకు కొదవలేదు. వేసవి వచ్చేలోగా ఆ సంఘాలు చేయగలవి కొన్ని ఉన్నాయి. పారిశుద్ధ్య పనివారు ఉదయం హాజరు వేయించుకునే చోట నీళ్లకుండ, ఉప్పూ చక్కెరా కలిపిన నీరు, కాస్త నీడ ఏర్పరచవచ్చు. మిట్టమధ్యాహ్నం పని మానిపించి వేళలు మార్చమని నగరపాలక సంస్థకు అర్జీ పెట్టవచ్చు. వారి వాడల్లో ఇంటికప్పులకు సున్నం వేయించవచ్చు. ఒంటరిగా ఉన్న ముసలివారి తలుపు రోజుకొకసారి తట్టవచ్చు. నీళ్లు మాత్రం దోసిట్లో పోయవద్దు. మనం తాగే గ్లాసుతోనే ఇద్దాం.