దెబ్బ తిన్నవాడే తలుపు తీశాడు

మన కుటుంబాల్లో ఒక విచిత్రం ఉంది, మీరూ గమనించే ఉంటారు. ఒక పెద్దమనిషి ముప్ఫై ఏళ్ళపాటు అందరికీ తలలో నాలుకలా మెలుగుతాడు. ఒక్క పెళ్ళిలో, విడిదింట్లో, కాఫీ ఆలస్యమైందనో మర్యాద తక్కువైందనో కోపంలో ఒక మాట తూలుతాడు. అంతే! ముప్ఫై ఏళ్ళ మంచితనమూ గంగలో కలుస్తుంది. ఆ తర్వాత ఆయన్ని గుర్తు చెప్పాలంటే, "ఆయనేనమ్మా, ఆనాడు విడిదింట్లో అంత మాటన్నాయన" అనే చెబుతారు.

ఈ తంతు మనకే పరిమితం అనుకోకండి. అమెరికాలో ఒక మహా ఆటగాడికి అచ్చం ఇదే జరిగింది. పదిహేనేళ్ళ కీర్తి ఒక పక్క, ఒక్క నిమిషం కోపం ఒక పక్క. త్రాసులో ఏది మొగ్గిందో, ఆ త్రాసుని చివరికి ఎవరు సరిచేశారో చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

ఆట పేరు బేస్‌బాల్. మనకి క్రికెట్ ఎలాగో వాళ్ళకి అది అలాగ. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. బ్యాటు పట్టినవాడి వెనకాల, మొహానికి ఇనప జాలీ తగిలించుకుని, గొంతుక్కూర్చుని ఆ బంతిని పట్టేవాడు క్యాచర్, అంటే మన వికెట్ కీపరులాంటివాడు. ఈ రెండు పేర్లూ గుర్తుంటే చాలు. మిగతా నిబంధనలతో మనకి పనిలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడ 1939లో ఈ ఆటకి ఒక కీర్తి మందిరం తెరిచారు. హాల్ ఆఫ్ ఫేమ్ అంటారు. మహామహులైన ఆటగాళ్ళ రూపం చెక్కిన కంచు ఫలకాలు అక్కడ గోడలకి ఉంటాయి. ఊరికి స్థలపురాణం కూడా ఉందండోయ్! 1839లో అబ్నర్ డబుల్‌డే అనే ఆయన ఆ ఊళ్ళోనే ఈ ఆట కనిపెట్టాడట. అది వట్టి కట్టుకథ అని చరిత్రకారులు ఎప్పుడో తేల్చేశారు. అయినా గుడి గుడే, యాత్రికులు యాత్రికులే.

ఈ గుళ్ళోకి ప్రవేశం మాత్రం అంత సులువు కాదు. ఆట మానేసి ఐదేళ్ళు గడవాలి. అప్పుడు సీనియర్ బేస్‌బాల్ విలేకరులు ఓట్లు వేస్తారు. నూటికి 75 వస్తేనే లోపలికి. రాలేదా, మళ్ళీ ఏడాది చూసుకోవలసిందే.

మన కథానాయకుడి పేరు హువాన్ మరిచాల్. పేరులో మరపు ఉంది గాని, జనం మాత్రం అతను చేసిన పని అంత తేలిగ్గా మరవలేదు, అదీ తమాషా! డొమినికన్ రిపబ్లిక్ అనే కరీబియన్ దేశంలో, ఒక పల్లెటూళ్ళో 1937లో పుట్టాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పోతే తల్లే పెంచింది. చెరుకు తోటలూ, పేదరికమూ, వాటితోపాటు బేస్‌బాల్ పిచ్చీ పుష్కలంగా ఉన్న దేశం అది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో క్యూబా నుంచి వలస వచ్చినవాళ్ళు ఈ ఆటని అక్కడికి తెచ్చారు. కొనుక్కునే స్తోమతు లేని పిల్లలు బంతులూ చేతితొడుగులూ ఇంట్లో దొరికినవాటితోనే తయారు చేసుకుని ఆడేవారు.

అలాంటి చోటునుంచి వచ్చిన కుర్రాడు 1960 జూలై 19న శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు తరఫున మొదటి ఆట ఆడాడు. ఆ రోజు మొత్తం ఆటలో అవతలివాళ్ళకి అతను ఇచ్చింది ఒకే ఒక్క హిట్టు. బంతి విసిరే ముందు ఎడమకాలు తలకన్నా ఎత్తుకి లేపేవాడు. ఫోటో చూస్తే మన నటరాజస్వామి జ్ఞాపకం రాక మానడు. 1963 జూలై 2న 42 ఏళ్ళ వారెన్ స్పాన్‌కీ, 25 ఏళ్ళ మరిచాల్‌కీ పోటీ పడింది. మామూలుగా 9 ఇన్నింగ్సుల్లో తేలవలసిన ఆట 16 దాకా సాగింది. ఇద్దరిలో ఎవరూ బంతి వదిలి పక్కకి తప్పుకోలేదు. ఆఖరికి మరిచాల్ జట్టువాడైన విల్లీ మేస్ కొట్టిన ఒక్క దెబ్బతో 1-0తో ముగిసింది. 1960ల దశాబ్దంలో మరిచాల్ 191 ఆటలు గెలిచాడు. ఆ పదేళ్ళలో అన్ని గెలిచిన పిచ్చర్ మరొకడు లేడు.

ఇహ ఆ పాడు రోజు సంగతి. 1965 ఆగస్టు 22, ఆదివారం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 42,000 మందికి పైగా జనం. అవతలి జట్టు లాస్ఏంజిలిస్ డాడ్జర్స్. ఈ రెండు జట్లకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. పైగా ఆ ఏడు మొదటి స్థానంకోసం ఇద్దరూ నువ్వా నేనా అని పోటీ పడుతున్నారు. మరిచాల్ విసిరిన బంతులు అవతలివాళ్ళ ఒంటిమీదికి దూసుకెళ్ళాయి. అటునుంచి బదులుగా విల్లీ మేస్ తలమీదుగా ఒకటి వెళ్ళింది. మూడో ఇన్నింగ్స్‌లో మరిచాల్ బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల డాడ్జర్స్ క్యాచర్ జాన్ రోజ్‌బరో. బంతిని తిరిగి తన పిచ్చర్‌కి విసరడంలో రోజ్‌బరో దాన్ని మరిచాల్ చెవి పక్కనుంచే పోనిచ్చాడు. మాటా మాటా పెరిగింది. రోజ్‌బరో లేచాడు. మరిచాల్ చేతిలో ఉన్న బ్యాటుతో ఆయన తలమీద కొట్టాడు.

మొహమంతా రక్తం. మైదానమంతా కొట్లాట. ఆ గలాటాలో రోజ్‌బరోని పొదివి పట్టుకుని, రక్తం తుడుస్తూ బయటికి నడిపించినవాడు ఎవరో తెలుసా? విల్లీ మేస్. మరిచాల్ జట్టువాడే! రోజ్‌బరో తలకి 14 కుట్లు పడ్డాయి.

ఆ ఇద్దరి మనసులూ అప్పుడు ఎలా ఉన్నాయో కూడా చెప్పాలి. మరిచాల్ దేశంలో ఆ ఏప్రిల్‌లో అంతర్యుద్ధం రేగింది. అమెరికా సైన్యాలే అక్కడ దిగాయి. తనవాళ్ళంతా అక్కడ, తను ఇక్కడ అమెరికావాళ్ళ ముందు ఆడుతూ! ఇటు రోజ్‌బరో నల్లజాతివాడు. లాస్ఏంజిలిస్‌లో వాట్స్ అనే పేట పదిరోజుల ముందే అల్లర్లలో తగలబడింది. 34 మంది చనిపోయారు. ఆయన ఇల్లు ఆ దగ్గర్లోనే. ఇద్దరూ గుండెల్లో కుంపట్లు పెట్టుకునే ఆ రోజు మైదానంలోకి వచ్చారు. ఇది చేసినదానికి సమర్థన కాదు సుమండీ. కర్ర ఎత్తినవాడిది తప్పే. కాకపోతే ఏ మంటా ఊరికే పుట్టదు.

శిక్ష పడింది. 1,750 డాలర్ల జరిమానా, 8 ఆటలకి నిషేధం. చాలామందికి అది మరీ తక్కువ అనిపించింది. రోజ్‌బరో ఊరుకోలేదు, దావా వేశాడు. చివరికి కోర్టు బయట రాజీతో తేలింది. జెయింట్స్ ఆ ఏడు రెండే రెండు ఆటల తేడాతో డాడ్జర్స్ కన్నా వెనకబడి మొదటి స్థానం పోగొట్టుకుంది.

కానీ అసలు శిక్ష ఒక ఫోటో. బ్యాటు ఎత్తిన మరిచాల్ ఫోటో పత్రికలన్నిటికీ ఎక్కింది. నటరాజ భంగిమలో ఉన్నవి ఎన్ని ఉంటేనేం, జనం కళ్ళలో నిలిచింది ఈ ఒక్కటే. 1975లో ఆట చరమదశలో మరిచాల్ ఏకంగా ఆ డాడ్జర్స్ జట్టులోనే చేరాడు. లాస్ఏంజిలిస్ అభిమానులు మండిపడ్డారు. అప్పుడు వాళ్ళని చల్లబరిచింది రోజ్‌బరో. జరిగిందేదో జరిగింది, వదిలెయ్యండి అని చెప్పాడు. మరిచాల్ ఆ జట్టుకి ఆడింది రెండే ఆటలు. తర్వాత విరమించాడు. అప్పటికి గెలిచిన ఆటలు 243.

1981లో అతని పేరు మొదటిసారి ఓటుకి వచ్చింది. నూటికి 58 దగ్గర ఆగిపోయాడు. 1982లో 305 ఓట్లు వచ్చాయి. కావలసినవి 312. అంటే ఏడు ఓట్లు! ఆ ఏడుగురు ఏమనుకుని వెయ్యలేదో ఎవరి మనసుకి వాళ్ళే సాక్షి. కాని ఆ ఫోటోయే అడ్డు నిలిచిందని లోకమంతా అనుకుంది.

ఇక్కడే రోజ్‌బరో మళ్ళీ వస్తాడు. ఆయన అంతకుముందే, 1978లో వెలువడిన తన ఆత్మకథలో ఒక సంగతి దాచకుండా రాసుకున్నాడు. ఆనాడు బంతిని మరిచాల్ చెవి పక్కనుంచి విసిరింది కావాలనేనని! తల పగలగొట్టించుకున్నవాడు తన వాటా తప్పు తనే ఒప్పుకోవడం ఎంతమందికి చేతనవుతుంది చెప్పండి? ఆయన భార్యాపిల్లలతో డొమినికన్ రిపబ్లిక్‌కి వెళ్ళి, మరిచాల్ ఏర్పాటు చేసిన గోల్ఫ్ పోటీలో పాల్గొన్నాడు. ఇద్దరూ కలిసి ఫోటోలు దిగారు. పాత ఫోటోకి జవాబు కొత్త ఫోటో అన్నమాట. అంతటితో ఆగక, ఆ సంఘటనని మనసులో పెట్టుకుని ఇతన్ని దూరం పెట్టకండి అని ఓటు వేసే విలేకరులని స్వయంగా అడిగాడు.

1983 జనవరిలో ఫలితం వచ్చింది. 374 ఓట్లలో 313. నూటికి దాదాపు 84! డొమినికన్ దేశం నుంచి ఆ మందిరంలో అడుగుపెట్టిన మొట్టమొదటివాడు మరిచాల్. జూలై 31న కూపర్స్‌టౌన్ వేదికమీద నిలబడి, అతను చెప్పిన కృతజ్ఞతల్లో రోజ్‌బరో పేరు కూడా ఉంది.

ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. 2002 ఆగస్టులో రోజ్‌బరో కన్నుమూస్తే, అంత్యక్రియల్లో గౌరవంగా శవపేటిక వెంట నడిచినవాళ్ళలో మరిచాల్ ఒకడు. అక్కడ మాట్లాడుతూ, ఆయన నన్ను క్షమించడం నా జీవితంలో జరిగిన గొప్ప మేళ్ళలో ఒకటి అనీ, ఆయన నాకు క్యాచర్‌గా ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనీ అన్నాడు. పిచ్చర్ క్యాచర్ గురించి అలా అనడమంటే, ఒక గాయకుడు మృదంగ విద్వాంసుణ్ణి నా పక్కన కూర్చోమనడంలాంటిది. అంతకన్నా దగ్గరితనం ఆ ఆటలో లేదు.

అభిమానుల పండగ చూడాలంటే 2015కి రావాలి. ఆ ఏడు పెడ్రో మార్టినెజ్ అనే మరో డొమినికన్ పిచ్చర్ ఎన్నికయ్యాడు. మరిచాల్ తర్వాత 32 ఏళ్ళకి ఆ దేశానికి దక్కిన రెండో ఫలకం. జూలై 26న కూపర్స్‌టౌన్ పచ్చిక మైదానం ఎరుపు, నీలం, తెలుపు రంగుల డొమినికన్ జెండాలతో నిండిపోయింది. పల్లెటూరు పల్లెటూరంతా తిరనాళ్ళే! ఉపన్యాసం చివర పెడ్రో ఒక పని చేశాడు. 77 ఏళ్ళ మరిచాల్‌ని వేదిక ముందుకి పిలిచాడు. ఇద్దరూ కలిసి తమ జెండా పైకెత్తారు. జనం హోరు ఇహ చెప్పనక్కర్లేదు. ఆ ఏడే తమ రాజధానిలోని పెద్ద స్టేడియానికి డొమినికన్లు మరిచాల్ పేరు చేర్చారు. ఆ తర్వాత 2018లోనూ, 2022లోనూ, 2024లోనూ ఆ దేశంవాళ్ళు అదే గుమ్మం దాటారు.

ఇంతవరకూ చెప్పి, "కనుక క్షమించడమే గొప్ప గుణం" అని చేతులు దులిపేసుకోవడం నాకిష్టం లేదు. ఆ మాట మన ఆడవాళ్ళకి ఉగ్గుపాలతోనే పోస్తారు. సర్దుకుపో, మరిచిపో, పెద్దమనసు చేసుకో అని. దెబ్బ పచ్చిగా ఉండగానే, కొట్టినవాడు తలైనా దించకముందే, "పోనీలే" అనిపించేస్తారు. అలా అనిపించిన "పోనీలే"కి విలువెంత?

రోజ్‌బరో అలా చెయ్యలేదు. ముందు న్యాయం అడిగాడు, కోర్టుకెక్కాడు. ఏళ్ళు తీసుకున్నాడు. తన తప్పు ఎంతో తనే లెక్క చూసుకున్నాడు. ఇవ్వాలనిపించిన రోజున, ఒకరు చెయ్యి పట్టి ఇప్పించకుండా, తనంతట తను ఇచ్చాడు. అందుకే దానికంత బరువు. 18 ఏళ్ళు ఏ విజయమూ కదపలేని తలుపుని ఆ బరువే కదిపింది.

ఆనాడు మరిచాల్‌కి పడ్డ ఓట్లు 313 అని రికార్డుల్లో ఉంటుంది. నా లెక్కలో మాత్రం 314. ఆ ఒక్కటీ ఓటుహక్కే లేని మనిషిది.