ఓ.ఆర్.ఎస్. ద్రావణము

ఓ.ఆర్.ఎస్. ద్రావణమనగా కలరా, అతిసారము మున్నగు వ్యాధులయందు శరీరము కోల్పోయిన నీటిని, లవణములను నోటిద్వారానే తిరిగి సమకూర్చుటకై గ్లూకోజును, లవణములను శుద్ధజలమున కరగించి సిద్ధపరచు మిక్కిలి చౌకయైన ఔషధము. చిన్న ప్రేవునందు గ్లూకోజు సోడియమును వెంటగొని రక్తమున చేరుననియు, వానితోపాటు నీరును లోనికి పీల్చబడుననియు తెలియవచ్చిన శరీరధర్మమే దీనికి మూలము. 1968లో ఢాకాయందు డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అను వైద్యులు కలరా రోగులయందు దీని ప్రయోజనమును నిరూపించిరి.

1971లో బంగ్లాదేశ్ విమోచన సమరకాలమున పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థులలో కలరా ప్రబలి, నరమునకెక్కించు సెలైను నిండుకొనగా, దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున పొట్లములు కట్టించి, పీపాలలో కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి సుమారు 30గా నుండిన మరణములు 3.6కు దిగినవి. ఆసుపత్రి మంచము, సూది, శిక్షితుడైన వైద్యుడు, ఈ మూడింటి అవసరమును ఒక్కసారిగా తగ్గించుటయే దీని ప్రాముఖ్యము.

బంగ్లాదేశ్‌లో 1980 నుండి 1990 వరకు బ్రాక్ సంస్థ స్త్రీ కార్యకర్తలు 1.2 కోట్ల గృహములకు పోయి, మూడువ్రేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అరసేరు నీరు అను ఇంటికొలతను తల్లులకు నేర్పిరి. తల్లికి జ్ఞాపకమున్నంత మేరకే కార్యకర్తకు వేతనమిచ్చు నియమము ఇందలి విశేషము.

2002లో అంగీకృతమైన సూత్రమున లీటరునకు గ్లూకోజు 13.5, సోడియం క్లోరైడు 2.6, ట్రైసోడియం సిట్రేటు 2.9, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు. కలిపిన ద్రావణమును 24 గంటలలో వినియోగించి, మిగిలినదానిని పారబోయవలెను.