మాంటూ

కోల్‌కతా ల్యాబుల్లో పిల్లల టీబీ పరీక్ష బిల్లు మీద కనిపించే "మాంటూ" ఒక మనిషి పేరు. ఫ్రెంచి వైద్యుడు షార్ల్ మాంటూ 1908లో ట్యూబర్క్యులిన్‌ను చర్మం పొరలోకి ఎక్కించే పద్ధతిని వెల్లడించాడు. ఆ పేరు చివరి ఎక్స్ ఫ్రెంచిలో పలకదు. మనం "మాంటాక్స్" అనేది అక్షరాలు చూసి చదవడం వల్లే. అయితే నాకు పలుకుబడి కంటే ఈ మాటలో ఏమేం ఇమిడి ఉన్నాయన్నదే ముఖ్యం. సూది వేయడం ఒక పని, ఫలితం చూడటం మరో పని అంటారు. అమెరికా బిల్లింగ్ కోడ్ 86580 కూడా సూదికే, చూడటానికి వేరే కోడ్. లెక్కల వరకు అది సబబే. కానీ 48 నుంచి 72 గంటల మధ్య ముంజేతి మీద గట్టిపడిన మేరను, ఎరుపును కాదు, మిల్లీమీటర్లలో కొలిస్తేనే అది మాంటూ. మళ్లీ ఫీజు కట్టాలన్న భయంతో తల్లి బిడ్డను తీసుకురాకపోతే మొదటి డబ్బూ వృథా. కొలత ఖర్చు ఆ ఒక్క పేరులోనే కలిసి ఉండాలి. బిల్లు కట్టే ముందే అడగండి, చూసి చెప్పడం కూడా ఇందులోనే ఉందా అని.