ఎండలో సైకిల్ ప్రయాణం: చర్మంలో వచ్చే మార్పులు, రక్షణ మార్గాలు

(ప్రత్యేక వ్యాసం)

ఎండ తీవ్రతను సాధారణంగా ఒంటికి తగిలే వేడిని బట్టి అంచనా వేయడం అలవాటు. సైకిల్ తొక్కేవారి విషయంలో ఈ అంచనా తరచుగా తప్పుతుంది. సైకిల్ ముందుకు సాగుతున్నపుడు ఎదురయ్యే గాలి చెమటను ఆర్పి శరీరాన్ని చల్లబరుస్తుంది. చర్మానికి హాని కలిగించే అతినీలలోహిత కిరణాలు మాత్రం ఆ గాలి వలన ఏమాత్రం తగ్గవు. ఫలితంగా హాయిగా సాగిన ప్రయాణంలోనే చర్మం ఎక్కువగా దెబ్బతినే అవకాశం ఉంటుంది. ఈ కారణంగా సైకిల్ చోదకులకు ఎండ నుండి రక్షణ అనే అంశాన్ని వడదెబ్బ నివారణతో కలిపివేయక, విడిగా పరిశీలించవలసి ఉంటుంది.

2011 జనగణన ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిల్ ఉంది. పత్రికలు, పాలు, కూరగాయలు ఇంటింటికీ చేర్చేవారు, పనులకు వెళ్లే కూలీలు, పాఠశాలలకు వెళ్లే బాలబాలికలు దీనిపై ఆధారపడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంపిణీ చేశారు. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. ఆ తేదీ తెలుగు రాష్ట్రాలలో రోళ్లు పగిలే ఎండలకు పేరుపడిన రోహిణి కార్తెలో వస్తుంది.

వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు

అతినీలలోహిత కిరణాలను 1801లో జర్మన్ శాస్త్రవేత్త యోహాన్ రిట్టర్ కనుగొన్నారు. ఇవి కంటికి కనిపించవు, ఒంటికి వెచ్చగా తగలవు. తరంగ దైర్ఘ్యాన్ని బట్టి వీటిని యూవీ-ఏ, యూవీ-బీ, యూవీ-సీ అని మూడు రకాలుగా విభజించారు. యూవీ-సీ పూర్తిగా, యూవీ-బీ చాలావరకు వాతావరణంలోనే ఆగిపోతాయి. భూమిని చేరే అతినీలలోహిత కిరణాలలో దాదాపు 95 శాతం యూవీ-ఏ కిరణాలే. చర్మం కమలడానికి ప్రధానంగా యూవీ-బీ కారణం కాగా, చర్మం లోపలి పొర వరకు చొచ్చుకుపోయి ముడతలకు, మచ్చలకు దోహదం చేసేది యూవీ-ఏ.

వేడికి, ఈ కిరణాలకు ఉన్న తేడా గడియారంలోనూ, పంచాంగంలోనూ కనిపిస్తుంది. వేసవిలో ఉష్ణోగ్రత సాధారణంగా మధ్యాహ్నం 2 గంటల తరువాత గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అతినీలలోహిత కిరణాలు మాత్రం సూర్యుడు నడినెత్తిపై ఉన్నపుడు, అనగా హైదరాబాద్‌లో సుమారు 12 గంటల 15 నిమిషాల ప్రాంతంలో అత్యధికంగా ఉంటాయి. ఇంకా వేడెక్కలేదని భావించి ఉదయం 11 గంటలకు బయలుదేరినవారు కిరణాల తీవ్రత పెరిగే వేళలోనే రోడ్డెక్కుతున్నారు.

పంచాంగం విషయానికి వస్తే, హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు వస్తువుల నీడ మాయమయ్యే రోజులు ఏడాదిలో రెండు ఉన్నాయి. 2023లో అవి మే 9, ఆగస్టు 3 తేదీలలో వచ్చాయి. మే నెల ఎండను అందరూ గుర్తిస్తారు. ఆగస్టు తొలి వారంలో వాతావరణం చల్లబడి ఉండడంతో, మబ్బు విడిచిన రోజున సూర్యుడు అంతే నిటారుగా ఉంటాడన్న సంగతి గుర్తుకు రాదు. దట్టమైన వాన మబ్బులు ఈ కిరణాలను గణనీయంగా తగ్గిస్తాయి కానీ, పలుచని మబ్బుల గుండా 90 శాతానికి పైగా చొచ్చుకువస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది.

పరికరం లేకుండానే తీవ్రతను తెలుసుకునే మార్గం నీడను చూడడం. మనిషి నీడ అతని ఎత్తుకంటే పొట్టిగా ఉన్నంతసేపు కిరణాలు తీవ్రంగా ఉన్నట్లే. కొలతగా చెప్పాలంటే యూవీ సూచిక అమలులో ఉంది. సూచిక 3కు చేరినప్పటి నుండి రక్షణ అవసరం. 8 నుండి 10 వరకు చాలా ఎక్కువ, 11 ఆపైన అత్యంత తీవ్రం.

సైకిల్ చోదకులపై ఎండ పడే తీరు

సైకిల్ తొక్కేవారు ముందుకు వంగి కూర్చుంటారు. అందువలన మెడ వెనుక భాగం, చెవుల అంచులు, ముంజేతుల పైభాగం, అరచేతుల వెనుక భాగం, ముక్కు, మోకాళ్ల పైభాగం ఆకాశానికి అభిముఖంగా ఉంటాయి. చొక్కా పైకి జరిగిన చోట నడుము వెనుక పట్టీలా కమలడం కూడా జరుగుతుంది. హెల్మెట్ తలకు దెబ్బ తగలకుండా కాపాడుతుంది కానీ ముఖానికి, చెవులకు, మెడకు నీడనివ్వదు. జుట్టు పలుచబడిన వారికి హెల్మెట్ గాలి రంధ్రాల గుండా కూడా ఎండ తగులుతుంది.

స్విట్జర్లాండ్‌లో జరిగే ‘టూర్ డి స్విస్’ పోటీలో వృత్తి సైక్లిస్టుల శరీరానికి కొలమానులు అమర్చి జరిపిన అధ్యయనం 2000లో ప్రచురితమైంది. వారిపై పడిన అతినీలలోహిత కిరణాలు అంతర్జాతీయ పరిమితిని అనేక రెట్లు మించినట్లు అందులో తేలింది. కొద్ది రోజుల పోటీలోనే ఇంత ఉండగా, ఏడాది పొడవునా సైకిల్‌పై జీవనోపాధి పొందేవారి విషయంలో మరింత శ్రద్ధ అవసరం.

చర్మంలో వచ్చే మార్పులు

ఎండలో ఉన్న కొద్దిసేపటికే చర్మంలో అప్పటికే ఉన్న మెలనిన్ ముదురు రంగుకు మారుతుంది. కొత్త మెలనిన్ తయారై చర్మం నల్లబడడం రెండు, మూడు రోజుల తరువాత కనిపిస్తుంది. ఇది చర్మం తనను తాను కాపాడుకునేందుకు చేసే ప్రయత్నమే గాని ఆరోగ్య లక్షణం కాదు. కమలడం వలన కలిగే మంట, ఎరుపు 12 నుండి 24 గంటలలో హెచ్చు స్థాయికి చేరుతాయి. ఉదయం జరిగిన హాని రాత్రికి గాని తెలియదు. ఈ ఆలస్యమే సైకిల్ చోదకులను మోసగిస్తుంది.

సంవత్సరాల తరబడి ఎండ తగిలినపుడు చర్మం బరకబారుతుంది, మెడ వెనుక గాళ్లు ఏర్పడతాయి, ముడతలు త్వరగా వస్తాయి. చెంపలపై, నుదుటిపై వచ్చే మంగు మచ్చలు ఎండతో ముదురుతాయి. కొందరికి ఎండ తగిలిన చోట దురదతో కూడిన దద్దురులు వస్తాయి. కంట్లో శుక్లాలకు, నల్లగుడ్డుపైకి కండ పెరగడానికి కూడా అతినీలలోహిత కిరణాలు కారణమవుతాయి.

సౌర కిరణాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. 2019లో 160 కోట్ల మంది పని చేసే వయసువారు వృత్తి రీత్యా ఈ కిరణాలకు గురయ్యారని, మెలనోమా కాని చర్మ క్యాన్సర్ మరణాలలో దాదాపు మూడింట ఒక వంతుకు ఎండలో పని చేయడమే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ఉమ్మడిగా అంచనా వేశాయి.

చామనఛాయ ఎంతవరకు రక్ష

తెల్లజాతి ప్రజలతో పోలిస్తే భారతీయులలో చర్మ క్యాన్సర్ చాలా తక్కువ. చర్మంలో అధికంగా ఉండే మెలనిన్ ఇందుకు ప్రధాన కారణం. అయితే ఈ సహజ రక్షణ పరిమితమైనది. ఇది కంటికి రక్షణ కల్పించదు. మంగు మచ్చలను ఆపదు సరికదా, చామనఛాయ గలవారిలోనే ఆ మచ్చలు ఎక్కువగా, మొండిగా ఉంటాయి. బొల్లి మచ్చలున్న చోట మెలనిన్ లేనందున అక్కడి చర్మం త్వరగా కమిలిపోతుంది. పుట్టుకతోనే మెలనిన్ లోపించిన వారికి నిరంతర రక్షణ తప్పనిసరి.

ఎండ వలన విటమిన్-డి లభిస్తుందన్నది వాస్తవం. అందుకు కొద్దిసేపు ఎండ తగిలితే సరిపోతుంది. గంటల తరబడి ఎండలో ఉన్నంత మాత్రాన ఆ మేరకు విటమిన్ పెరగదు, హాని మాత్రం పెరుగుతుంది.

రక్షణ మార్గాలు

మొదటిది సమయం. వీలున్నవారు ఉదయం 9 గంటలలోపు, సాయంత్రం 4 గంటల తరువాత ప్రయాణించడం మేలు.

రెండవది దుస్తులు. అందరికీ అందుబాటులో ఉండే రక్షణ ఇదే. నేత దట్టంగా ఉన్న పొడుగు చేతుల వదులు చొక్కా, కాళ్లు కప్పే దుస్తులు, మెడను కప్పే కాలరు లేదా రుమాలు మంచి రక్షణనిస్తాయి. వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నపుడు ఆవలి వస్తువులు కనిపించేంత పలుచని వస్త్రం చాలదు. పలుచని నూలు బట్ట చెమటతో తడిసి ఒంటికి అంటుకుంటే రక్షణ ఇంకా తగ్గుతుంది. తువ్వాలు కట్టుకునేవారు దాని కొసలు చైనులో, చక్రంలో చిక్కుకోకుండా లోపలికి దోపుకోవాలి. ఒక చేత్తో గొడుగు పట్టి సైకిల్ తొక్కడం ప్రమాదకరం.

మూడవది కంటి రక్షణ. 400 నానోమీటర్ల వరకు అతినీలలోహిత కిరణాలను అడ్డగించే కళ్లద్దాలు వాడాలి. ఆ గుణం లేని నల్లద్దాల వెనుక కంటిపాప విప్పారి, మరిన్ని కిరణాలు లోపలికి వెళ్లే అవకాశం ఉంది.

నాల్గవది సన్‌స్క్రీన్ లేపనం. దుస్తులు కప్పని భాగాలకే దీని అవసరం. ఎస్‌పీఎఫ్ 30 గల లేపనం యూవీ-బీని సుమారు 97 శాతం, 50 గలది సుమారు 98 శాతం అడ్డుకుంటుంది. కనుక అంకె పెద్దదా అన్నదానికంటే తగినంత రాశారా అన్నదే ముఖ్యం. ఈ అంకెలు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల పూతపై లెక్కించినవి. ముఖానికి, మెడకు కలిపి ఒక చెంచా, ఒక్కొక్క చేతికి ఒక చెంచా చొప్పున అవసరం. బయలుదేరడానికి 15 నుండి 20 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకొకసారి, చెమట తుడుచుకున్న తరువాత తిరిగి రాయాలి. యూవీ-ఏ రక్షణ కోసం డబ్బాపై ‘పీఏ’ గుర్తును, దాని పక్కనున్న కూడిక గుర్తుల సంఖ్యను గమనించాలి.

చేయకూడనివి

నల్లదనం పోవడానికి నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లడం హానికరం. నిమ్మలోని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాల్చి, బొబ్బలు, నల్లని మచ్చలు కలిగిస్తాయి. వైద్యుని సలహా లేకుండా స్టెరాయిడ్ కలిసిన పూతమందులను తెల్లబడేందుకు వాడడం మరింత ప్రమాదకరం. వీటి వలన చర్మం పలుచబడి, ఎండను తట్టుకునే శక్తి కోల్పోతుంది. ఈ దుర్వినియోగాన్ని అరికట్టేందుకు కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీపై మాత్రమే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. డాక్సీసైక్లిన్, హైడ్రోక్లోరోథయజైడ్ వంటి మందులు వాడేవారికి ఎండ త్వరగా హాని చేస్తుంది కనుక వారు వైద్యుని సంప్రదించాలి.

నెలల తరబడి మానని పుండు, రంగు లేదా ఆకారం మారే పుట్టుమచ్చ, పెదవిపై తగ్గని పొలుసులు కనిపిస్తే జాప్యం చేయరాదు. పాలిపోయిన మచ్చలో స్పర్శ లేకపోతే దానిని ఎండమచ్చగా భావించరాదు. అది కుష్ఠువ్యాధి లక్షణం కావచ్చు. ఆ వ్యాధికి బహుళౌషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా లభిస్తుంది.

ప్రణాళికలో నీడ

వ్యక్తులు తీసుకునే జాగ్రత్తలకు హద్దు ఉంది. పత్రికలు, పాలు చేర్చేవారు వేళ మార్చుకోగలరేమో గాని, బడికి, పనికి వెళ్లేవారికి వేళ ఇతరులు నిర్ణయిస్తారు. హైదరాబాద్‌లో బాహ్య వలయ రహదారి వెంట 2023 అక్టోబరు 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం పైకప్పుగా 16 మెగావాట్ల సౌర ఫలకాలు అమర్చడం ఈ దిశలో గమనించదగినది. విద్యుత్తునిచ్చే కప్పే సైకిల్ చోదకులకు నీడ అయింది. అన్ని చోట్లా ఇంతటి నిర్మాణం సాధ్యం కాకున్నా, రహదారుల వెంట చెట్లు నాటడం, సైకిల్ ర్యాలీలను ఉదయం వేళకే పరిమితం చేయడం, సైకిళ్ల పంపిణీతో పాటు ఎండ నుండి రక్షణపై అవగాహన కల్పించడం స్థానిక సంస్థలకు, విద్యాశాఖకు సాధ్యమయ్యే పనులు.

వేసవిలో పత్రికలు ఉష్ణోగ్రతల పట్టికను ప్రముఖంగా ప్రచురిస్తాయి. దాని పక్కన యూవీ సూచికను కూడా ఇవ్వగలిగితే పాఠకులకు మేలు జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ తదితర సంస్థలు కలిసి 2022లో విడుదల చేసిన ‘సన్‌స్మార్ట్ గ్లోబల్ యూవీ’ మొబైల్ యాప్ ఇందుకు ఉపకరిస్తుంది. ఉష్ణోగ్రత తగ్గిన రోజున కూడా సూచిక ఎక్కువగా ఉండవచ్చునన్న ఒక్క విషయం ప్రజలకు చేరితే, సైకిల్ ప్రయాణాన్ని మానకుండానే చర్మాన్ని, కళ్లను కాపాడుకోవడం సాధ్యమవుతుంది.