గురుత్వాకర్షణ వంచిన గీతలు

చెన్నపురి యాంధ్రుల సంచికలలో కవులకును, గాయకులకును దక్కిన పుటలు కొలతగాండ్రకు దక్కుట యరుదు. మాధవరమున వసించు మేము ఆ లోటును కొంత తీర్పదలచి, నగరమునకు దక్షిణపు కొసనున్న పరంగికొండతో నీ కథ నారంభించుచున్నాము.

1802వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన విలియం లాంబ్టన్ ఆ కొండ కడ సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలువసాగెను. ఆ రేఖపై త్రిభుజములల్లుకొనుచు పోయి, తరువాతివారు హిమాలయముల పాదము వరకు దేశమును కొలిచిరి.

ఇట్టి కొలతకు లంబసూత్రము ప్రాణము. తాపీవాడు గోడ నిలువు చూచుకొను దారపు గుండే యది. గుండు చూపినది నిట్టనిలువని నమ్మి, దానినిబట్టి నక్షత్రముల యెత్తు చూచి, అక్షాంశమును నిర్ణయింతురు. అయితే ప్రక్కను మహాపర్వతమున్నచో దాని యాకర్షణచే గుండు రవంత యటు ఒరగును, అక్షాంశము తప్పును. ఎవరెస్టు దొర నాటి సర్వేలో, మధ్యభారతమునందలి కలియాన్‌పూరునకును, హిమాలయములకు చేరువనున్న కలియానాకును నడుమనున్న అక్షాంశభేదమును త్రిభుజములచే నొకసారి, నక్షత్రములచే నొకసారి కట్టగా 5.236 వికలల తేడా వచ్చెను. వికల యనగా డిగ్రీలో 3600వ వంతు. నేలపై సుమారు నూరడుగులు. మొత్తము తేడా 530 అడుగులే! వందల మైళ్లలో ఆ మాత్రము సర్దివేయరాదా యని చదువరులకు తోచవచ్చును. ఉద్యోగకాలమంతయు పద్దులు వ్రాసిన మాకు మాత్రము కాసంత తేడా యున్నను పుస్తకము మూయరాదని తెలియును.

కలకత్తాలోని క్రైస్తవ మతాధికారి జాన్ ప్రాట్ ఆ పర్వతముల ద్రవ్యరాశిని లెక్కకట్టి, అవి గుండు నెంత లాగవలెనో గణించెను. 15.885 వికలలని తేలెను. ఉన్న తేడాకు మూడు రెట్లు! పర్వతముల క్రింద తేలికయైన శిల వేళ్లవలె లోతునకు దిగియున్నదనియు, అందుచేతనే వాని లాగుడు తగ్గినదనియు 1855లో ఆంగ్ల ఖగోళజ్ఞుడు ఎయిరీ సమాధానము చెప్పెను. పటము దిద్దబోయినవారికి భూగర్భము తెలిసివచ్చెను.

నేటి ఖగోళజ్ఞులును ఇట్టి సవరణయే చేయుచున్నారు. కాని వారి పటము ఆకాశమంతటిది. విశ్వము పుట్టిన సుమారు 3,80,000 సంవత్సరములకు బయలుదేరిన కాంతిని, సూక్ష్మతరంగములుగా మారి మనలను చేరుచున్నదానిని, 1964లో అమెరికాలో పెన్జియాస్, విల్సన్ కనుగొనిరి. 2009లో ఐరోపావారు పంపిన ప్లాంక్ ఉపగ్రహము దాని పటమును మిక్కిలి సూక్ష్మముగా గీచెను. అయితే దారిలోని ద్రవ్యము ఆ కాంతిని సుమారు రెండున్నర కలల మేర, అనగా చంద్రబింబపు వెడల్పులో పండ్రెండవ వంతు, ప్రక్కకు వంచుచున్నది.

కొండ కంటికి కనబడును. ఈ ద్రవ్యములో హెచ్చు భాగము కనబడదు. కావున పటములోని మచ్చలు ఎచ్చట సాగినవో, ఎచ్చట ముడుచుకొన్నవో చూచి ద్రవ్యమున్న చోటును రాబట్టుదురు. లేదా దూరపు గెలాక్సీల పరారుణకాంతిని దానికి ఆనవాలుగా గైకొందురు. పిమ్మట వంపును గణితముచే విప్పుదురు. ప్లాంక్ పటముపై నిది 2016లో ఫలించెను.

ఇంత శ్రమ యేల? విశ్వారంభమున గురుత్వతరంగములు పుట్టియున్నచో, ఆ కాంతి ధ్రువణములో ఒక తీరు మెలికలు మిగిలియుండవలెను. దారిలోని వంపుచేతను అట్టి మెలికలే కలుగును. వీనిని తీసిననే గాని వానిని పోల్చుకొనుట దుర్ఘటము. దక్షిణధ్రువమునందలి దూరదర్శిని పటములో ఈ అడ్డు మెలికల బలమును 2017 నాటికి 28 శాతము తగ్గింపగల్గిరి. ఆదిమ తరంగముల జాడ యింతవరకు చిక్కలేదు. తీసివేసిన వంపును మాత్రము వారు పారవేయుట లేదు. కనబడని ద్రవ్యము ఆకాశమున పరచుకొనిన తీరును చూపు పటముగా దానిని వేరుగ భద్రపరచుచున్నారు.